కామేశ్వరి టీచరుగారి ఎదురు తరంగం

మా ఆసుపత్రి స్టాఫ్ రూమ్‌లో ఒక మైక్రోవేవ్ ఒవెన్ ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో ఒకరు నిన్నటి చేపల పులుసు అందులో పెట్టి బటన్ నొక్కుతారు. అది గుయ్‌మని మోత మొదలుపెట్టగానే గదిలో ఉన్నవాళ్ళంతా కాస్త వెనక్కి జరుగుతారు. మా నర్సు ఒకావిడ కొంగు కూడా అడ్డం పెట్టుకుంటుంది, కిరణాలు వస్తాయని. మేమంతా పనిచేసేది క్యాన్సర్ రోగులకి కోబాల్టు యంత్రంతో గామా కిరణాలు పెట్టే విభాగంలో. ఆ యంత్రానికి గోడ ఇవతల కూర్చుని నింపాదిగా అన్నం తింటాం. పులుసు వేడి చేసే పెట్టెకి మాత్రం భయపడతాం. ఆ మోతా, ఆ పులుసు వాసనా కలిసినప్పుడల్లా నాకు కామేశ్వరి టీచరుగారు గుర్తొస్తారు. ఆవిడే ఇక్కడ ఉంటే, ఒవెన్ తలుపుకి లోపలున్న కన్నాల రేకుని చూపించి, ఈ కన్నాల్లోంచి వెలుతురు దూరుతుంది గానీ ఆ తరంగం దూరదు, అది పెద్దది అని ఒక్క ముక్కలో తేల్చేసి, కొంగు దింపించి, అన్నం తినమనేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

మాది ముక్తేశ్వరం పక్కన, కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊరి హైస్కూల్లో ఆవిడ భౌతికశాస్త్రం చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, గుంజకి చీర కట్టినట్టు ఉండేవారు. నవ్వేవారు కాదు. నవ్వు సిలబస్‌లో లేదు కాబట్టి అని నా అభిప్రాయం. నేను క్లాసులో జోకులు వేసేవాణ్ణి. మిగతా మాస్టార్లు కొట్టేవారు, లేకపోతే బయటికి పంపేవారు. రెండూ నాకు పేరు తెచ్చే పనులే. ఈవిడ ఆ ఉపకారం చేసేవారు కాదు. ఒకరోజు రేడియో తరంగాలు మన ఒంట్లోంచి పోతూనే ఉంటాయని చెబుతుంటే, అందుకేనాండీ మా నాయనమ్మ పొద్దున్నే ఊరి వార్తలన్నీ చదివేస్తుంది అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగి, "అయిందా? ఇప్పుడు మీ నాయనమ్మ రేడియో ఎందుకు కాదో చెప్పు" అన్నారు. పీరియడ్ అయ్యేదాకా నిలబడి ఆలోచించాను. తరంగం అందరిలోంచీ పోతుంది గానీ దాన్ని పట్టుకునే ఏర్పాటు అందరిలోనూ ఉండదని చివరికి ఎలాగో అన్నాను. "ఆయ్, కూర్చో" అన్నారు. ఒక జోకుకి రుజువు అడిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. అప్పట్నుంచి నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటైంది. నా జోకుల సంఖ్య సగానికి పడిపోయింది. జనం మాత్రం ఎక్కువ నవ్వేవారు.

ఆ తరంగాల పాఠం ఆవిడ కొబ్బరి పీచు తాడుతో చెప్పేవారు. తాడు ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస తను పట్టుకుని మెల్లగా ఊపితే పెద్ద పెద్ద వంపులు వచ్చేవి. అది రేడియో. కొంచెం గబగబా ఊపితే మైక్రోవేవ్. ఇంకా వేగం పెంచితే పొయ్యి దగ్గర ఒంటికి తగిలే పరారుణం, ఆ తర్వాత కంటికి కనపడే వెలుగు, ఆపైన ఎండలో చర్మాన్ని మాడ్చే అతినీలలోహితం, ఎముకల్ని ఫొటో తీసే ఎక్స్ కిరణాలు, ఆఖర్ని గామా. గామా దగ్గరికి వచ్చేసరికి తాడు కనపడేది కాదు, ఆవిడ గాజుల చప్పుడొక్కటే వినపడేది. తాడు ఒకటే, ఊపే వేగం వేరు అనేవారు. వీటిలో ఏది ప్రమాదమండీ అని అడిగితే కొబ్బరిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళేవారు. పిల్లలంతా కలిసి పొద్దుగూకేదాకా చెట్టు మీదికి ఇసుక విసిరినా ఒక్క కాయ రాలదు. ఒక్క రాయి సరిగ్గా తొడిమకి తగిలితే రాలుతుంది. రేడియో, మైక్రోవేవ్ ఇసుక లాంటివి. మరీ ఎక్కువైతే వేడి పుట్టిస్తాయి, అంతకు మించి కణాన్ని విరిచే బలం వాటికి లేదు. ఎక్స్, గామా రాళ్ళు. కణం లోపలికి దెబ్బ తగులుతుంది. రాయితో పని ఉంది కాబట్టి వాడతాం, ఎవరి మీదికి ఎన్ని వేస్తున్నామో చూసుకుని వాడతాం. మేమంతా ఆ చెట్టు కింద నిలబడి తలలు పైకెత్తి, కాయలు నిజంగా రాలతాయేమోనన్న భయంతో చాలా శ్రద్ధగా పాఠం విన్నాం.

నేను తొమ్మిదిలో ఉండగా మా ఊరికి సెల్ టవరు వచ్చింది. అంతవరకూ గల్ఫ్ నుంచి ఫోనొస్తే ఎస్‌టీడీ బూత్ కుర్రాడు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిచేవాడు. మా అమ్మ మస్కట్‌లో వంటపని చేసేది. ఆవిడ గొంతు వినడానికి నేనూ మా నాయనమ్మా బూత్ ముందు బల్ల మీద గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. అందుకని టవరు వచ్చిన రోజు ఊరంతా పండగ చేసుకుంది. దాన్ని నిలబెట్టింది టీచరుగారి భర్త మూర్తిగారి కొబ్బరితోటలో. ఆయన తోటా, కాయల దింపూ, చుట్టా, కబుర్లూ తప్ప మరో వ్యాపకం లేని పెద్దమనిషి. పిల్లలు లేరు. ఊళ్ళో పిల్లలందరినీ తన పిల్లల్లాగే తిట్టేవారు.

అదే ఏడు మా చెట్లకి నల్లి పట్టింది. పిందె మీద గోధుమరంగు మచ్చ మొదలై, డిప్ప పగిలి, కాయ గుప్పెడంతై రాలిపోయేది. వ్యవసాయశాఖ వాళ్ళు వచ్చి ఇది కంటికి కనపడని పురుగు, వేరుకి మందు పెట్టండి అని చెప్పి వెళ్ళారు. కంటికి కనపడని పురుగుని ఊరు నమ్మలేదు. కంటికి కనపడని కిరణాన్ని మాత్రం నమ్మింది. దానికైతే చూపించడానికి ఒక ఇనుప స్తంభమైనా ఉంది. అందరూ మూర్తిగారి అరుగు దగ్గరికి వచ్చి, మా ఊళ్ళో తిట్లన్నీ మర్యాదగానే ఉంటాయి కాబట్టి, "తమరి టవరు చల్లగా ఉండాలండి, మా చెట్లు ఎలాగూ పోయేయి" అని వెళ్ళేవారు. అదే మనుషులు సాయంత్రం సెల్‌ఫోన్లో దుబాయ్‌లో ఉన్న కొడుకులకి టవరు చేస్తున్న అన్యాయం పూసగుచ్చినట్టు చెప్పేవారు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేది.

ఆ వేసవి ముగిసేసరికి మూర్తిగారి గొంతు బొంగురుపోయింది. మందులు మింగారు, మిరియాల కషాయం తాగారు, తగ్గలేదు. కాకినాడలో చూపిస్తే గొంతులో క్యాన్సర్ అన్నారు. కిరణాలు పెట్టించుకోవాలి, ఆలస్యం చెయ్యకూడదు అన్నారు. ఊరు ముందే తీర్పు రాసి పెట్టుకుంది: టవరు. విచిత్రం ఏమిటంటే ఆ తీర్పుని అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు మూర్తిగారు. ఆయన చుట్ట ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టవరు వైపు చూపిస్తూ, నా తోటలో నేను పెట్టుకున్న పాపం నన్ను తింటోంది అనేవారు. టీచరుగారు ఇసుకా రాయీ కథ చెప్పారు. చుట్ట సంగతి చెప్పారు. ఆయన విన్నంతసేపూ విని, "ఇసకైనా కళ్ళలో పడితే పోతాయి కదే" అన్నారు. కిరణాల వల్ల వచ్చిన జబ్బుకి మళ్ళీ కిరణాలేమిటి, కాలినచోటే వాత పెడతానంటే ఊరుకుంటానా, నేను వెళ్ళను అన్నారు. అలా రోజులు గడిచిపోతున్నాయి. డాక్టరు ఇచ్చిన గడువు తరిగిపోతోంది.

పొద్దున్నపూట ఆవిడ ఇంటి అరుగు మీద మాకు ట్యూషన్ ఉండేది. ఒకరోజు ఆవిడ లోపలికి వెళ్ళి బడి తాడు లాంటి తాడే ఒకటి తెచ్చారు. దాని నడిమికి ఎర్ర రిబ్బను ముక్క కట్టారు. ఒక కొస నాకిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. పడక్కుర్చీలో ఉన్న మూర్తిగారిని ఆ రిబ్బను చూస్తూ ఉండమన్నారు.

"మీరన్నదే నిజమనుకుందాం. మీ ఒంట్లో టవరు తరంగం ఇలా ఆడుతోంది" అని తన కొస ఊపారు. రిబ్బను ఎగిరెగిరి పడింది. "కాకినాడలో పెట్టేది దీనికి ఎదురు తరంగం. శ్రీనూ, నేను పైకంటే నువ్వు కిందకి."

నేను ఊపాను. రెండు వైపులనుంచీ వంపులు వచ్చి నడిమిన ఒకదాన్నొకటి మింగేశాయి. తాడంతా కొట్టుకుంటోంది, రిబ్బను మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది. మూర్తిగారు దానివంక చాలాసేపు చూశారు.

"ఆగింది" అన్నారు.

"ఆయ్. ఆగుతుందండి" అన్నారు టీచరుగారు.

తాడు విషయంలో అది నిజం. గొంతు విషయంలో పచ్చి అబద్ధం. గామా కిరణం దేన్నీ రద్దు చెయ్యదని, పాడైన కణాలని చంపుతుందని, పక్కనున్న మంచివాటిని కూడా కొన్నింటిని కాలుస్తుందని ఆవిడే మాకు చెప్పి ఇంకా రెండు నెలలు కాలేదు. నా నాలుక చివర ఒక ప్రశ్న తయారుగా ఉంది. ఆవిడ నావైపు చూడలేదు. రుజువు లేని మాట ఒక్కటి కూడా రాయనివ్వని మనిషి కట్టిన మొదటి అబద్ధానికి రెండో కొస నా చేతిలో ఉంది. నోరు మూసుకుని ఊపాను. ఆ మర్నాడే మూర్తిగారు ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, రామచంద్రపురం మీదుగా కాకినాడ వెళ్ళారు.

కాకినాడలో తన చెల్లెలి ఇంట్లో ఉండి వారమంతా కిరణాలు పెట్టించుకుని, శుక్రవారం సాయంత్రానికి ఊరొచ్చేవారు. మెడ నల్లగా కమిలిపోయేది. నోరు ఎండిపోయి అన్నం దిగేది కాదు. టీచరుగారు మజ్జిగన్నం పల్చగా కలిపి చెంచాతో పెట్టేవారు. అయినా శనివారం పొద్దున్న అరుగు మీద దర్బారు జరిగేది. వచ్చినవాళ్ళందరికీ, ఆ వచ్చీరాని గొంతుతోనే, టవరు తరంగాన్ని ఎదురు తరంగం ఎలా కొడుతోందో చెప్పేవారు. మా కామేశ్వరే చెప్పింది అని ముగించేవారు. దాంతో ఊరికి కొత్త బలం వచ్చింది. ఇన్నాళ్ళూ టవరు మీద అనుమానం మాత్రమే ఉండేది. ఇప్పుడు భౌతికశాస్త్రం టీచరు సంతకం పడింది. పంచాయతీ ప్రెసిడెంటుగారు స్వయంగా వచ్చి, టవరు పీకించడానికి మీటింగు పెడతామని, టీచరుగారు నాలుగు ముక్కలు మాట్లాడాలని అడిగారు. ఆవిడ తల దించుకుని, ఆయన వైద్యం అయ్యాక మాట్లాడతానండి అన్నారు.

ఆ గొడవ బడిలోకి వచ్చింది యూనిట్ పరీక్షలో. నాగలక్ష్మి అనే అమ్మాయి మా ట్యూషన్‌కి వచ్చేది కాదు, తాడు చూడలేదు, ఊళ్ళో మాట మాత్రం విన్నది. గామా కిరణాల ఉపయోగాలు రాయమంటే, సెల్ టవరు తరంగముల వలన కలిగిన క్యాన్సరును గామా కిరణములు ఎదురు తరంగములై రద్దు చేయును అని చక్కటి దస్తూరీతో రాసింది. టీచరుగారు సున్నా వేశారు. ఆ పిల్ల లేచి నిలబడి, ఏ పొగరూ లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మీరే చెప్పేరంట కదండీ, మూర్తిగారితో?"

ఆవిడ వెళ్ళి తలుపు దగ్గరకి వేసి వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ కూర్చోవడం మేము ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కడ చెప్పింది పాఠం. ఇంట్లో చెప్పింది అబద్ధం. ఆయనకి పాఠం చెబితే వెళ్ళలేదు, అబద్ధం చెబితే వెళ్ళేరు" అన్నారు. తలుపు వైపు ఒకసారి చూసి, "ఆయన వైద్యం అయ్యేదాకా దీన్ని మీరు కూడా మొయ్యాలి. నేనిలా అడగకూడదు. అడుగుతున్నాను. తర్వాత ఊరి ముందు నేనే చెప్పుకుంటాను" అన్నారు.

నాగలక్ష్మి, "మరి నాకు మార్కులండీ?" అంది. రావని చెప్పారు. ఆ పిల్ల, సరేనండి అని కూర్చుంది.

మా క్లాసులో ఇద్దరు దొంగలు, ఒక చాడీకోరు, నేనూ ఉన్నాం. ఆ మాట తలుపు దాటలేదు. శనివారాలు మూర్తిగారి అరుగు ముందునుంచి పోతుంటే ఆయన పిలిచి, ఎదురు తరంగం గురించి మావాళ్ళకి చెప్పండిరా అనేవారు. మేము ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోకుండా, ఆయ్ బాబుగారూ అలాగేనండి అనేవాళ్ళం. నా జీవితంలో అంత మంచి జోకు సరుకు మళ్ళీ దొరకలేదు. దాన్ని నాలోనే కుళ్ళబెట్టుకున్నాను.

వైద్యం పూర్తయింది. కాస్త తేరుకున్నట్టే కనపడ్డారు. టీచరుగారు మీటింగు మాట ఎత్తుదామనుకునేలోగా దగ్గు మొదలైంది, ఊపిరితిత్తుల్లోకి పాకిందన్నారు. మా పదో తరగతి పరీక్షలకి ముందు ఒక మధ్యాహ్నం ఆవిడ బడిలో ఉండగా, నన్ను ఆయన దగ్గర కూర్చోమని పంపారు. కిటికీలోంచి టవరు కనపడుతోంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నాను.

"ఒరేయ్, పబ్లిక్ పరీక్షలో ఎదురు తరంగం అని రాయకు. సున్నా వేస్తారు" అన్నారు.

నేను కుర్చీ ఆయన మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"తను పాఠం చెప్పేటప్పుడు పిల్లల మొహాలు చూస్తుందిరా. ఆరోజు నా మొహం చూళ్ళేదు. తాడునే చూసింది. అప్పుడే తెలిసింది" అన్నారు. ఊపిరి కూడదీసుకుని, "భయపడ్డవాడికి వెళ్ళడానికి ఒక వంక కావాలి. తెచ్చిచ్చింది. తీసుకున్నాను" అన్నారు. ఆవిడకి చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. నిమ్మరసం అడిగారు. రెండు గుటకలు కూడా దిగలేదు.

వానలు పడకముందే పోయారు.

పెద్ద కార్యం అయిన తర్వాతి ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. టీచరుగారు వచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా, చెప్పుకుంటానన్నది చెప్పుకున్నారు. ఆయన జబ్బుకి టవరు కారణమని చెప్పడానికి రుజువు లేదు, చుట్ట కారణం కావడానికి మాత్రం చాలా అవకాశం ఉంది, చెట్లకి పట్టింది నల్లి, నేను మా ఆయనతో చెప్పింది అబద్ధం అన్నారు. జనంలో ఎవరూ అరవలేదు. మా ఊళ్ళో అరవరు. ప్రెసిడెంటుగారు మాత్రం రెండు చేతులూ జోడించి, "చచ్చిపోయే మనిషిని కూడా నమ్మించేరంటే, చదువు గొప్పదండీ టీచరుగారూ" అన్నారు. జనం మెల్లగా లేచి వెళ్ళిపోయారు. టవరు అలాగే ఉంది. తిడుతూ మాట్లాడుకోవడానికి అదొక్కటే ఆధారం కదా.

ఆవిడతో కాలవ గట్టు మీద ఇంటిదాకా నేను నడిచాను. దారిలో, ఆయన దగ్గర కూర్చున్న రోజు నీతో ఏమైనా అన్నారా అని అడిగారు. ఆవిడ దగ్గర అబద్ధం ఆడటం నేను నేర్చుకోలేదు. అంతా చెప్పాను. ప్రెసిడెంటుగారి మాటకి నేను పట్టుకెళుతున్న జవాబు ఇదే అనుకున్నాను.

"వైద్యం అయిపోయాక ఎవరైనా నాకు ముందే తెలుసంటారు. అది రుజువు కాదురా" అన్నారు. నాలుగడుగులు వేసి ఆగారు. "నేను తాడునే చూశానన్నారా?"

"ఆయ్ అండీ."

గట్టు మీద గడ్డిలోనే కూర్చుండిపోయారు. కాలవలో గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. దానివంక చూస్తూ, నాతో కాదు, "నమ్మకంతో వెళ్ళేరు, అంతవరకైనా సుఖపడ్డారనుకున్నాను. నమ్మకం లేకుండానే ఆ మంటంతా ఓర్చుకున్నారన్నమాట" అన్నారు.

ప్రపంచంలో ప్రతి విషాదానికీ ఒక వెటకారం నా దగ్గర సిద్ధంగా ఉండేది. అప్పుడు జేబులు తడుముకున్నాను, ఏమీ దొరకలేదు. ఆవిడ లేచి, కుచ్చిళ్ళకి అంటిన గడ్డి దులుపుకుని, సోమవారం ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావో ఆలోచించుకుని రా అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ బడిలోనే పాఠం చెప్పారు. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. ఇప్పుడు నేను కోబాల్టు యంత్రం దగ్గర మనుషుల్ని కొలిచిన మోతాదు కింద పడుకోబెడుతున్నాను. నిజం చెప్పడానికి మాత్రం మోతాదు ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలంటే నాకు తెలిసినావిడ ఒక్కరే, ఆవిడకీ అది తేలలేదు.

మొన్న గురువారం రాజోలు వైపునుంచి ఒక పెద్దాయన వచ్చారు. దవడ కింద గడ్డ. మొదటి రోజు. ఇంటిపక్క టవరు వల్లేనా అని అడిగారు. కాదండీ అన్నాను. మరి ఇవీ కిరణాలే కదా అన్నారు. ఏది ఏమిటో, ఏం కాలుతుందో, ఏం తగ్గుతుందో నాకు తెలిసినంతా చెప్పాను. ఆయన తుండు భుజాన వేసుకుని, ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తానని లేచారు. నేను వెనకే బస్టాండు దాకా వెళ్ళాను. రాజోలు బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"తగ్గుద్దంటావా బాబూ?" అన్నారు.

ఆయన్ని ఆ క్షణంలో వెనక్కి తిప్పగలిగే మాట ఒకటి నా నోటిదాకా వచ్చింది. మంచి మాట, నమ్మదగ్గ మాట. ఆయన మొహంలోకి చూస్తూ, "కొందరికి తగ్గుతుందండి. మీకు తగ్గుతుందని ఒట్టు పెట్టలేను. వస్తే మాత్రం రోజూ నేనే ఉంటాను" అన్నాను.

ఈలోగా బస్సొచ్చింది. ఆయన సోమవారం చూద్దాంలే అని బస్సెక్కారు.

ఇవాళ ఆదివారం. ఆయన వస్తారో రారో రేపటికి గానీ తెలియదు. యంత్రానికి సెలవు. నాకు లేదు.